ఏకాక్షి తెరమీదికి వచ్చేదెన్నడు?

బెజవాడవాళ్ళకి సినిమా కోసం ఎదురుచూడడం ఎవరూ నేర్పనక్కర్లేదు. గాంధీనగరంలో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల ముందు ఫిల్ము డబ్బాలు దిగుతుండిన రోజుల నుంచీ ఈ ఊరికి ఆ విద్య వచ్చు. ఏ బొమ్మ ఏ హాల్లో పడుతుందో, మొదటి ఆటకి క్యూ ఎందాకా వస్తుందో, ఇంటర్వెల్ ఎక్కడ వస్తుందో రిక్షా తొక్కేవాడు కూడా ముందే చెప్పేవాడు. అయితే ఆ బొమ్మలన్నీ వచ్చాయి, ఆడాయి, వెళ్ళాయి. నేను చెప్పబోయేది గోడమీద పోస్టరే పడని బొమ్మ సంగతి. దానికి పాటల పుస్తకం లేదు. షూటింగు మా బుర్రల్లో తప్ప మరెక్కడా జరగలేదు. అయినా మావంటి వాళ్ళం కొన్నివేలమంది దాని కోసం డెబ్బయి ఏళ్ళుగా కాచుకుని వున్నాం.

అది “తోకచుక్క”. 1954లో “చందమామ”లో వచ్చిన సీరియల్.

ఆ పేరు వినగానే మీలో కొందరు కుర్చీలో ముందుకి జరిగి కూర్చునివుంటారని నాకు తెలుసు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. కుండలినీ ద్వీపం అని ఒక రాజ్యం. ఆకాశంలో తోకచుక్క పొడుస్తుంది. సేనాని సమరసేనుడు నౌకలెక్కి బయలుదేరి, పోయి పోయి మాంత్రికులు ఏలే చోట చిక్కుకుంటాడు. ఆ మాంత్రికులు ఇద్దరు. ఒకడు ఏకాక్షి, వాడికి ఒకటే కన్ను. రెండోవాడు చతుర్నేత్రుడు, వాడికి నాలుగు. ఇద్దరికీ కలిపి అయిదు కళ్ళు. ఆ అయిదు కళ్ళూ ఒకదాన్నొకటి చూసి ఓర్చుకోలేవు. చతుర్నేత్రుడికి ఒక గుడ్లగూబ, ఒక నరవానరం పరివారం. ఇంతకన్నా చెప్తే చదవబోయేవాళ్ళకి ద్రోహం చేసినవాణ్ణి అవుతాను.

నేను పుట్టేసరికి ఆ సీరియల్ అయిపోయింది. నాకు దొరికింది మా పెద్దన్నయ్య దాచిన ప్రతి. ప్రతి నెలా చందమామలోంచి ఆ పేజీలు జాగర్తగా ఊడదీసి, వరుసన పెట్టి, దబ్బనంతో పొడిచి దారం కుట్టి, పైన కేలండరు అట్ట వేశాడు. పామర్రు దగ్గర మా ఊళ్ళో ఆ అట్టపుస్తకానికి వున్న గిరాకీ పంచాయతీ రేడియోకి కూడా లేదు. ఇస్తే మర్నాటికి తెచ్చివ్వాలి. అన్నం తింటూ చదవకూడదు. ముఖ్యంగా ఏకాక్షి బొమ్మమీద పెన్సిలుతో మీసాలు దిద్దకూడదు. మూడో షరతు ఎందుకు పెట్టాల్సివచ్చిందో ఆ పేజీ తీసిన ప్రతివాడికీ తెలిసేది.

నా సొంత నిరీక్షణ 1960లలో “రాకాసి లోయ”తో మొదలయింది. బ్రహ్మదండి మాంత్రికుడి బారిన పడిన కేశవుడు, జయమల్లుడు నెలాఖరుకి ఏదో ఒక గుహ అంచున వేళ్ళాడుతూ వుండేవాళ్ళు. కింద “ఇంకా ఉంది” అని వుండేది. ఆ రెండు ముక్కలు చూసి ముప్ఫయి రోజులు గడపాలి. బెజవాడ నుంచి వచ్చే బస్సు టాపు మీద చందమామ కట్ట వున్నదీ లేనిదీ కాలవగట్టు మలుపులోనే కనిపెట్టగల పిల్లలు మా ఊళ్ళో నలుగురైదుగురు వుండేవాళ్ళు.

ఈ సంగతులు చెప్తే మా మనవడు ఒక అభ్యంతరం లేవదీశాడు. వాడు స్పైడర్‌మాన్ భక్తుడు. 2021 డిసెంబరులో ఆ బొమ్మ తెలుగులో కూడా విడుదలయినప్పుడు టిక్కెట్ల కోసం తెల్లవారకముందే లేచి కూర్చున్న జాతి. “తాతయ్యా, నువ్వు చెప్పేది కామిక్ కాదు. బొమ్మల్లో మాటల బుడగలు లేవు కదా?” అన్నాడు.

శాస్త్రప్రకారం వాడన్నది నిజమే. బుడగలతో కూడిన అచ్చమైన బొమ్మలకథ కావాలంటే బుజ్జాయిగారి “డుంబు” వుండనే వుంది. కాని చందమామ సీరియల్ చదివినవాణ్ణి ఎవణ్ణయినా అడగండి, వాడికి గుర్తున్నది మాటలా, బొమ్మలా అని. పేజీ తిప్పితే ఒక బొమ్మ. ఆ బొమ్మ కింద “చిత్రా” అని పొట్టి సంతకం. టి. వీరరాఘవన్ అనే ఆయన పెట్టుకున్న పేరు అది. కథలో “భయంకరమైన మృగం” అని ఒక్క మాట వుంటే, దాని కోరలు ఎన్ని, తోక ఎటు తిరిగింది, చెట్టుకొమ్మ మీద కాలు ఎలా వేసింది అన్నవన్నీ చిత్రాగారే చెప్పాలి. సమరసేనుడి శిరస్త్రాణం, మాంత్రికుడి మెడలో పూసలు, గుహ గోడమీద పాకే తీగ, ఇవి రచయితవి కావు, చిత్రకారుడివి. సగం కథ బొమ్మలో వున్నప్పుడు దాన్ని కామిక్ కాదంటే నేను ఒప్పుకోను. “బుడగ లేకపోతేనేం, ఊపిరి వుందిరా” అన్నాను. వాడు నవ్వాడు గాని, ఒప్పుకోలేదు.

అయితే వాడి వాదంలోంచే నాకొక లెక్క దొరికింది. వాడి స్పైడర్‌మాన్ పుస్తకంలో పుట్టింది 1962లో. పెద్ద ఎత్తున సినిమా అయింది 2002లో. అంటే నలభై ఏళ్ళు. బెల్జియంలో టిన్‌టిన్ బొమ్మలు గీసిన హెర్జే 1983లో పోయాడు. స్పీల్‌బర్గ్ తీసిన సినిమా 2011లో గాని రాలేదు. ఆ లెక్కన మనం మరీ వెనకబడిన వాళ్ళమేమీ కాము. కాకపోతే వాళ్ళకి లేని ఒక విడ్డూరం మన విషయంలో వుంది.

చందమామ పెట్టింది 1947 జూలైలో. పెట్టినవాళ్ళు నాగిరెడ్డి, చక్రపాణి. విజయా ప్రొడక్షన్స్ పెట్టిందీ వాళ్ళే. అంటే కథ రాసేవాళ్ళూ, బొమ్మ గీసేవాళ్ళూ, కెమెరా తిప్పేవాళ్ళూ, దక్షిణదేశంలో అంత పెద్ద స్టూడియో, అన్నీ ఒక్క యాజమాన్యం కిందనే. 1951లో వాళ్ళు “పాతాళభైరవి” తీశారు. మా నూజివీడులో పుట్టిన ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుడయ్యాడు. నిమ్మకూరు రామారావు తోటరాముడయ్యాడు. మూడేళ్ళ తర్వాత ఏకాక్షిని చదివిన పిల్లలు వాడి మాటలు ఎవరి గొంతుతో చదువుకుని వుంటారో వేరే చెప్పాలా? మా అన్నయ్య చదివి వినిపిస్తే ఏకాక్షి అచ్చం రంగారావులాగే దీర్ఘం తీసేవాడు.

అయినా ఆ ఇంట్లో పుట్టిన సీరియల్ ఆ ఇంటి స్టూడియోలోకి అడుగు పెట్టలేదు. “మాయాబజార్” వచ్చింది, “జగదేకవీరుని కథ” వచ్చింది. తోకచుక్క రాలేదు, కంచుకోట రాలేదు, రాకాసి లోయ రాలేదు.

కారణం ఇదీ అని నేను దస్తావేజు చూపించలేను. కాని 1954 సంగతి ఒకసారి గుర్తు చేసుకోండి. చందమామలో తోకచుక్క పొడిచిన ఏడాదే విజయావారి “చంద్రహారం” విడుదలయింది. అదీ జానపదమే. డబ్బు మంచినీళ్ళలాగా ఖర్చుపెట్టి తీశారు, జనం చూడలేదు. చెయ్యి కాలినవాళ్ళు మరుసటి ఏడాది “మిస్సమ్మ” తీసుకున్నారు. అందులో మాంత్రికులు లేరు. మేష్టారూ, టీచరమ్మా, అద్దె ఇల్లూ వున్నాయి. అది ఎంత హాయిగా ఆడిందో మీకు తెలుసు. దొంగచాటుగా నౌకలూ, గుడ్లగూబలూ, నరవానరాలూ కోరుకునే మావంటి పిల్లల మొర ఆ లెక్కల పుస్తకంలో ఎక్కడ వినబడుతుంది?

అంచేత మేము కత్తి కాంతారావుతోనూ, విఠలాచార్యతోనూ సరిపెట్టుకున్నాం. వాళ్ళని తక్కువ చెయ్యడం లేదు. కొండపల్లి బొమ్మలంత ముద్దుగా వుండే ఆ రాక్షసులు మా ఆకలి చాలా తీర్చారు. కాని హాల్లోంచి బయటికి వచ్చాక మళ్ళీ అట్టపుస్తకం తీసి చూసుకునేవాళ్ళం. చిత్రాగారి గీతలో వున్న బరువు ఆ అట్టకోటల్లో లేదు.

మా ఊహల్లో ఆ సినిమాకి లొకేషన్లు కూడా సిద్ధంగా వుండేవి. ఏకాక్షి గుహ ఉండవల్లిలో. నాలుగంతస్తులుగా కొండలో తొలిచిన ఆ గుహల్లో, పడుకున్న అనంతపద్మనాభుడి పక్క చీకట్లో, మాంత్రికుడు కాపరం వుండడానికి ఏ సౌకర్యమూ తక్కువ కాదు. శత్రువుల కోట కొండపల్లి ఖిల్లా. నౌక మునిగేది మాత్రం ఎక్కడన్న విషయంలో తగాదా వచ్చేది. బెజవాడ పిల్లలు భవానీ ద్వీపం దగ్గర అనేవాళ్ళు. బందరు పిల్లలు, సముద్రం పెట్టుకుని కృష్ణలో ముంచడమేమిటని ఎగతాళి చేసేవాళ్ళు. బందరువాళ్ళదే న్యాయమని నేను ఇప్పటికీ అంటాను.

పాత్రధారుల విషయంలో తగాదా లేదు. ఏకాక్షి రంగారావు. అంతే. ఆయన 1974లో పోయారు. ఆ రోజు మా అన్నయ్య “ఇంక తోకచుక్క రాదురా” అన్నాడు. దినపత్రికల్లో ఎంతో రాశారు గాని, ఆయన వెయ్యని ఒక వేషం కోసం ఏడ్చిన ఇల్లు మాదొక్కటే అయివుంటుంది.

ఇప్పుడైతే తియ్యవచ్చునా? తియ్యవచ్చు. “బాహుబలి” 2015లో వచ్చింది. అమరచిత్రకథలు చదివి పెరిగానని రాజమౌళి చాలాసార్లు చెప్పుకున్నారు. బొమ్మల పుస్తకం చదివిన పిల్లవాడు పెద్దవాడై కెమెరా పట్టుకుంటే ఏమవుతుందో దేశమంతా చూసింది. ఎగిరే గుడ్లగూబకి తీగ కట్టి లాగనక్కర్లేదు. నాలుగు కళ్ళూ నాలుగు దిక్కులకి తిప్పించవచ్చు. డబ్బు పెట్టేవాళ్ళు వున్నారు. చందమామ పన్నెండుకి పైగా భాషల్లో వచ్చిన పత్రిక కాబట్టి చూసేవాళ్ళు కూడా ఆంధ్రదేశానికే పరిమితం కారు.

అందుకే నాకిప్పుడు భయం. ఎదురుచూసేవాడికి, అది రాదేమోనని ఒక భయం, వస్తుందేమోనని ఇంకొకటి.

ఆ సీరియళ్ళలో ప్రేమ వ్యవహారాలకి చోటు బహు తక్కువ. సమరసేనుడికి ప్రాణం కాపాడుకోవడంతోనే సరిపోతుంది. సినిమావాళ్ళు దాన్ని సహించరు. ఏకాక్షికి ఒక కూతుర్ని పుట్టిస్తారు. ఆ అమ్మాయికి రెండు కళ్ళూ వుంటాయి, పైగా పెద్దవి. ఆవిడ స్విట్జర్లాండులో పాట పాడుతుంది. నరవానరం చేత హాస్యం చెప్పిస్తారు. గుడ్లగూబకి ఒక “పంచ్ డైలాగు” ఇస్తారు. నేనేమీ పాటలకి విరోధిని కాను. పాతాళభైరవిలో ఘంటసాల పాటలు లేకపోతే సగం రుచి పోయేది. కాని అక్కడ రాకుమారి కోసమే కథ నడిచింది. పాట కథలోంచి పుట్టింది. ఇక్కడ కథ నడిచేది తోకచుక్క పొడిచిన ఆకాశం కింద, భయంలో. భయానికి కూడా ఒక తాళం వుంటుంది. దాన్ని చెడగొట్టకుండా వుంటే చాలు.

రెండో భయం బొమ్మలది. తెరమీద ఒకసారి మొహం చూశాక చిత్రాగారి ఏకాక్షి మన మనస్సులోంచి చెరిగిపోతాడేమో! ఈ విషయంలో నాకు ధైర్యం చెప్పిన సంగతి ఒకటి వుంది. 1985లో దూరదర్శన్‌లో విక్రమ్-బేతాళ్ సీరియల్ వచ్చింది. రామానంద్ సాగర్ తీసింది. రాజుగారుగా అరుణ్ గోవిల్. పక్కింటి పిల్లలందరూ మా వరండాలో చాపలు వేసుకుని చూశారు. బాగానే వుంది. కాని ఈనాటికీ భేతాళ కథలు అనగానే నా కళ్ళముందు నిలిచేది శంకర్‌గారి బొమ్మే: కత్తి దూసిన రాజు, భుజాన శవం, కింద పుర్రెలు, పాములు. ఆ శంకర్‌గారు 2020 దాకా వున్నారు, తొంభై ఆరేళ్ళు బతికారు. పదమూడు వారాలో, ఇరవై ఆరు వారాలో వచ్చిపోయే తెరబొమ్మ, నెలనెలా ఏళ్ళ తరబడి చూసిన గీతబొమ్మని చెరపలేదు. మా తరం వరకూ ఇది ఖాయం. మా మనవడి సంగతి వేరు. వాడు బొమ్మ కన్నా ముందు సినిమానే చూస్తాడు. వాడి ఏకాక్షి సినిమా ఏకాక్షే అవుతాడు. కానివ్వండి. అసలు ఏకాక్షే లేకుండా పెరగడం కన్నా అది నయం.

ఏమంటే, ఆ పుస్తకం వాడి చేతికి వచ్చే దారులు మూసుకుపోయాయి. చందమామ 2007లో చేతులు మారింది. 2013 వచ్చేసరికి అచ్చు ఆగిపోయింది. కొనుక్కున్న కంపెనీ తానే అప్పుల్లో, కోర్టుల్లో చిక్కుకుంది. ఆదివారంనాడు పాత పుస్తకాలవాళ్ళ దగ్గర ఒక బౌండు వాల్యూము కనబడితే మావంటి ముసలివాళ్ళు ముగ్గురు ఒకేసారి చెయ్యి వేస్తారు. ధర అడగడానికి ముందే అమ్మేవాడు మా మొహాలు చూసి పెంచేస్తాడు.

నేను ఈ సినిమా కోసం ఇంతగా కొట్టుకుపోవడానికి కారణం గుడ్లగూబా కాదు, నౌకా కాదు. ఒక పేరు.

చందమామలో సీరియళ్ళ మీద రచయిత పేరు వెయ్యడం ఆనవాయితీ కాదు. తోకచుక్క ఎవరు రాశారో మా అన్నయ్యకి తెలియదు. రాకాసి లోయ ఎవరు రాశారో నాకు తెలియదు. పిల్లలం కాబట్టి, చందమామే రాసుకుంటుందని అనుకునేవాళ్ళం. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసి లోయ, పాతాళ దుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయా సరోవరం, భల్లూక మాంత్రికుడు, ఇన్నీ ఒక్క మనిషి చేతిలోంచి వచ్చాయని తెలిసేసరికి మాకు మీసాలు నెరిశాయి. ఆయన దాసరి సుబ్రహ్మణ్యం. 1932లో తెనాలి దగ్గరి పల్లెలో పుట్టారు. చక్రపాణిగారిది తెనాలి. 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామకి ప్రాణం పోసిన కొడవటిగంటి కుటుంబరావుగారిదీ తెనాలే. కృష్ణ కాలవ నీళ్ళు తాగిన ముగ్గురు మద్రాసులో కూర్చుని దేశంలో పిల్లలందరికీ నిద్ర లేకుండా చేశారన్నమాట.

దాసరివారు చందమామలో చేరింది 1952లోనే. రెండేళ్ళకి తోకచుక్క. అప్పటికి ఆయనకి నిండా ఇరవై రెండేళ్ళు కూడా లేవు. ఆ తర్వాత దశాబ్దాల పాటు అదే ఆఫీసు, అదే పని. తాను కనిపెట్టిన మాంత్రికుల పేర్లు ఇంటింటా మోగుతుంటే, తన పేరు జీతాల రిజిస్టరులో తప్ప అచ్చులో లేని మనిషి. ఆఖరి రోజులు బెజవాడలో గడిపి, 2010లో కన్నుమూశారు. ఆయన వున్న ఊళ్ళోనే నేనూ వున్నాను. ఏ పచారీ కొట్టు దగ్గరో ఎన్నిసార్లు ఎదురుపడి వుంటామో! “బాబూ, కాస్త జరగండి” అని వుంటానేమో, చతుర్నేత్రుణ్ణి పుట్టించిన మనిషితో!

ఆయన పోయాక ఆ సీరియళ్ళు ఆయన పేరుతోనే పుస్తకాలుగా వచ్చాయి. సంతోషం. కాని వాటిని కొన్నది మళ్ళీ మేమే. ఆ పేరు మాకు కొత్తగా చెప్పాల్సిన అవసరం అప్పటికి తీరిపోయింది.

సినిమాకి వున్న బలం వేరు. దీపాలు ఆరిపోయాక, తెరమీద అంతెత్తున, “కథ: దాసరి సుబ్రహ్మణ్యం” అని పడాలి. దాని పక్కన “బొమ్మలు: చిత్రా” అని పడాలి. పాప్‌కార్న్ పొట్లాలతో ఇంకా సీట్లు వెతుక్కునే పిల్లలు కూడా ఆ పేర్లు చూడక తప్పకూడదు. హీరోగారి పేరుకి ముందు వేస్తారా, వెనక వేస్తారా అన్నది నేను పట్టించుకోను. అక్షరాలు మాత్రం చిన్నవి చెయ్యకూడదు. ఈ ఒక్క షరతుకి ఒప్పుకుంటే ఏకాక్షి కూతురి పాటని కూడా నేను ఓర్చుకుంటాను. మధ్యలో లేచి సోడాకి పోను.

మా అన్నయ్యకి ఇప్పుడు ఎనభై దాటింది. చూపు మందగించింది. సినిమా వస్తే వినడానికైనా వస్తానన్నాడు. మొన్న ఆ అట్టపుస్తకం నా చేతికిచ్చి, ఇంత కథ ఒక్క సినిమాలో పట్టదు, రెండు భాగాలు చేస్తారు కాబోలు అన్నాడు. మొదటి భాగం ఎక్కడ ఆపాలో ఆయన ముందే ఎంచిపెట్టుకున్నాడు. పేజీ మడత పెట్టి వుంది. అక్కడ “ఇంకా ఉంది” అని వెయ్యాలట. అంతేకాదు, రెండో భాగం మొదలయ్యే ముందు, చందమామలో ప్రతి నెలా వేసినట్టే, బ్రాకెట్లు పెట్టి చిన్న అక్షరాలతో నాలుగు వాక్యాల్లో జరిగిన కథ చెప్పాలట. తీసేవాళ్ళెవరైనా సరే, ఈ ముక్క రాసిపెట్టుకోండి. బ్రాకెట్లు మరిచిపోవద్దని మరీ మరీ చెప్పమన్నాడు.